ముప్ఫై ఏడు గుండుసూదుల ఇల్లు

మా ఆఫీసును తగలేస్తున్నారన్న వార్త సోమవారం పొద్దున్న పదింపావుకు పుట్టింది. పదిన్నరకల్లా ఇసుక బకెట్లు వరండాలోకి వచ్చాయి. పావుతక్కువ పదకొండుకు పాత రికార్డుల సెక్షన్ వాళ్లు సొంత గొడుగులూ, కుర్చీల్లో వేసుకునే మెత్తలూ సంచుల్లో కుక్కుకుని మెట్లమీద బారులు తీరారు. ఫైళ్ల జోలికి మాత్రం ఒక్కరూ పోలేదు. కాలిపోయే సరుకు మీద మా బీమా కంపెనీ వాళ్లకుండే ధీమా ఎలాంటిదో ఆ రోజు కళ్లారా చూశాను.

వార్త పుట్టించింది మా అటెండరు. అతన్ని అందరం రేడియో బాబాయి అంటాం. ప్రసారం బ్రహ్మాండంగా ఉంటుంది, వినికిడి దగ్గరే పేచీ. మేనేజరు గదిలో టీ గ్లాసులు పెడుతుంటే, వేరే ఊళ్లో ఉన్న మా హెడ్డాఫీసు నుంచి ఫోనులో ఎవరో "వచ్చే ఏడాదికి ఆఫీసు తరలిస్తాం" అన్నారు. బాబాయి చెవిలో అది "తగలేస్తాం"గా దిగింది. చివరికి మేనేజరే మెట్లమీదికొచ్చి, తగలేయడం కాదు తరలించడం, నిప్పుతో కాదు లారీతో అని విడమరిచి చెప్పాడు. అందరూ నవ్వుకుంటూ, బకెట్లు తన్నుకుంటూ లోపలికి వెళ్లారు.

నవ్వని మనిషి ఒక్కతే. టెలిఫోను అక్కయ్య. ఆవిడకు ఆ రెండు మాటలకీ తేడా లేదు.

అక్కయ్య మా స్విచ్‌బోర్డు ఆపరేటరు. ఆవిడ ఇల్లు ఆఫీసుకు ఏడు నిమిషాల నడక. భర్త లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో వేలమందిని పైకి తెచ్చిన మనిషి, మూడేళ్ల కిందట తనే లిఫ్టు గుంతలో కింద పడ్డాడు. నడుం కింద నుంచి చలనం లేదు. పొద్దున్న ఆవిడ మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి చేర్చి వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు గంట కొట్టినట్టు వెళ్లి, మళ్లీ మంచం మీద పడుకోబెట్టి, ఒళ్లు అటూ ఇటూ తిప్పి, తువ్వాలు మార్చి, అన్నం పెట్టి, తిరిగి కుర్చీలో కూర్చోబెట్టి వస్తుంది. రోజంతా ఒకే భంగిమలో ఉంటే పుండ్లు పడతాయని డాక్టరు చెప్పాడు. ఇదంతా భోజన విరామం నలభై నిమిషాల్లో జరగాలి. ఏడూ ఏడూ పద్నాలుగు నడకకు పోను ఇరవై ఆరు. ఆఫీసు ఊరి చివరికి పోతే ఆ లెక్క కుదరదు. ఉద్యోగం మానాలి. మానితే ఇద్దరికీ వేరే ఆధారం లేదు.

అసలు తరలింపు ఎందుకంటే, మా భవనం అద్దె ఒప్పందం ముగియవస్తోంది. మాది పాత బజారు నడిబొడ్డు. కోర్టు, బ్యాంకులు, వకీళ్ల గదులు, అన్ని బస్సులూ కలిసే కూడలి, అన్నీ కాళ్లకు తగులుతూ ఉంటాయి. హెడ్డాఫీసు వాళ్లు అయిదేళ్ల కిందటే తమ ఊళ్లో రేవు పక్కనున్న పాత మేడ ఖాళీ చేసి, ఊరి బయట అద్దాల మేడలోకి మారారు. అద్దాల మేడకు అద్దె కూడా మేడంత. ఇప్పుడు మమ్మల్నీ అలాగే ఊరి తూర్పు కొసకు పంపాలని వాళ్ల ఆలోచన. బస్సులు సైతం తిరగడానికి మొహమాటపడే చోటది. మా నడిబొడ్డు ఆఫీసుకు ఇక తూర్పు తిరిగి దండం పెట్టుకోవడమే అనుకున్నాం. దండానికి దిక్కు కూడా సరిగ్గా కుదిరింది.

అయితే హెడ్డాఫీసు డైరెక్టరు నిదానస్తుడు. ముందు సర్వే చేయించమన్నాడు. సర్వేకి ఒక సలహాదారు వచ్చాడు. సలహా ఆయనది, దారి వెతుక్కోవడం మాది. సన్నగా పొడుగ్గా, పైన గుండ్రటి తలతో ఉండేసరికి మొదటి రోజే అతనికి గుండుసూది అని పేరు పడింది. పనికట్టుకుని అతను తెచ్చిన సామాను కూడా గుండుసూదులే. సమావేశం గదిలో ఊరి పటం గోడంతా పరిచి, ఉద్యోగులు అరవై ఇద్దరి చిరునామాల జాబితా అడిగి తెప్పించుకుని, ఒక్కొక్కరి ఇంటి దగ్గర ఒక్కో ఎర్ర సూది గుచ్చుతానన్నాడు. అందరికీ సగటున దగ్గరయ్యే చోటేదో దానితో తేలుతుందట. వీధుల పేర్లు తెలిసినవాడు పక్కన కావాలంటే మేనేజరు నన్ను పంపాడు. నేను డిస్పాచ్ గుమాస్తాను. ఈ ఊళ్లో నేను కవరు మీద రాయని వీధి లేదు.

మొదటి పది సూదులు సాఫీగా దిగాయి. ఉత్తరాన ఇద్దరు, రైలు గేటు అవతల ముగ్గురు, తూర్పున రేడియో బాబాయి. ఆ తరవాత సూదులన్నీ ఒకే సందులో దిగడం మొదలుపెట్టాయి. ఆ సందులోనే నాలుగోది, అయిదోది, తొమ్మిదోది. ఇంటి నంబరు కూడా ఒకటే. పన్నెండోది గుచ్చేసరికి నాకు గుండెలో దిగింది. అది అక్కయ్య ఇల్లు.

దీనికి కారణం నేనే. రెండేళ్ల కిందట ఎవరికో సొంత పని మీద వచ్చిన రంగు డబ్బా ఒకటి పార్సిల్లో పగిలి, ఒక అగ్నిప్రమాదం ఫైలంతా నీలంగా మారింది. ఫైలు మీద మేనేజరు సంతకం కూడా మునిగింది. ఆ రోజు నుంచి సొంత పార్సిళ్లు ఆఫీసుకు రాకూడదని ఉత్తర్వు. ఇళ్లకు తెప్పించుకుందామంటే పగలు మా ఇళ్లన్నీ తాళాలే. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. అక్కయ్య ఇంట్లో మనిషి పగలంతా ఉంటాడు, పైగా తోచక గోళ్లు గిల్లుకుంటున్నాడు. ఆయన ఇంటి చిరునామా ఇస్తే సరి. అక్కయ్య మొగుడు గనక మాకందరికీ బావగారయ్యాడు. బావగారు కూడా సంబరపడ్డాడు. కుర్చీలోంచి లేవకుండానే తలుపు గడియ తీయడానికి చిన్న కప్పీ, తాడు బిగించుకున్నాడు. గోడకు బల్లలు కొట్టి అరలు చేశాడు. ఆ ఏడాది ఉద్యోగుల వివరాల ఫారం వచ్చినప్పుడు అందులో "ఉత్తరాలు అందు చిరునామా" అని ఒకే గడి ఉంది. బీమావాళ్లం కదా, గడిలో ఏమడిగితే అదే నిజాయితీగా రాశాం. ఉత్తరాలు అందేది అక్కడే మరి. అలా ముప్ఫై ఏడుగురి విలాసాలు ఆ రెండు గదుల్లో చేరాయి. ఏ విలాసమూ లేని గదులవి.

గుండుసూది ఆ సందులో ఇక చోటు చాలక, సూదులను పూలగుత్తిలా ఒకదాని పక్కన ఒకటి కూర్చి గుచ్చాడు. "ఇదేదో పెద్ద అపార్టుమెంటు అనుకుంటానండి. మీవాళ్లు భలే కలిసికట్టుగా ఉంటారే" అన్నాడు.

"ఒకే గూటి పక్షులమండి" అన్నాను నేను.

గొణగడం చేతకాక పుట్టినప్పటి నుంచీ అరుస్తూ బతికిన గొంతు నాది. ఆ రోజు ఆ ఒక్క ముక్క అని నోరు కుట్టేసుకున్నాను. నేను అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పలేదు అంతే. ఆ సూదులు అక్కడున్నంత కాలం అక్కయ్యకు ఏడు నిమిషాల నడక పదిలం.

పక్షం తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. ఉద్యోగుల్లో అధికభాగం పాత బజారులోనే నివసిస్తున్నందున ఆఫీసు ఆ చుట్టుపక్కలే ఉండటం ఉత్తమమని మేనేజరు చదివి వినిపించాడు. చప్పట్లు మోగాయి. అక్కయ్య చప్పట్లు కొట్టలేదు. చెవికున్న హెడ్‌ఫోను తీసి బోర్డు మీద పెట్టి, దాని పక్కనే తల ఆనించింది. అప్పుడు మోగిన ఫోను నేనే ఎత్తాను. ఎవరికో కనెక్షన్ తప్పిచ్చి తిట్లు తిన్నాను. ఆ తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి.

రెండు రోజుల తరవాత అక్కయ్య నన్ను పిలిచింది. గుండుసూదికీ డైరెక్టరుకీ ఫోను కలుపుతూ వాళ్ల మాటలు వినాల్సి వచ్చిందట. ముప్ఫై ఏడుగురు ఉండే ఆ భవంతిలోనే ఒక అంతస్తు అద్దెకు దొరికితే సిబ్బందికి నడక కూడా తప్పుతుందని డైరెక్టరు అన్నాడట. శుక్రవారం స్వయంగా వచ్చి చూస్తాడట.

"తమ్ముడూ, ఆ ఇంటి నంబరు మాదే కదా?"

తలూపాను. ఇంకెవరికీ చెప్పొద్దని, శుక్రవారం నాటికి ఏదో ఒక దారి చూస్తానని బతిమాలాను. ఆవిడ వినలేదు.

"నీ మనసు నాకు తెలుసు. కానీ బాబాయి రోజూ తూర్పు నుంచి రెండు బస్సులు మారి వస్తాడు. ఆఫీసు అటు పోతే ఆయనకెంత సుఖమో నువ్వడిగావా, నేనడిగానా? నా ఒక్కదాని కోసం అరవైమంది లెక్క తప్పించామంటే నాకు అన్నం దిగదు. శుక్రవారం పొద్దున్నే మేనేజరుగారికి నేనే చెప్పేస్తా."

చెప్పేదే. కానీ శుక్రవారం డైరెక్టరు అందరికంటే ముందే ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. మేనేజరు ఆయన్ని వదిలి తన గదిలోంచి బయటికే రాలేదు. అక్కయ్య రెండుసార్లు తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. ఒంటిగంటా అయిదుకి తలుపు తెరుచుకుంది. డైరెక్టరు, మేనేజరు, గుండుసూది ముగ్గురూ బయటికొచ్చారు. దారి చూపించమని మేనేజరు నన్ను పిలిచాడు. అక్కయ్య కుర్చీ అప్పటికే ఖాళీ. బావగారికి వేళవుతోందని ముందే వెళ్లిపోయిందట.

ఏడు నిమిషాల దారిని ఎంత సాగదీయవచ్చో అంత సాగదీశాను. కోర్టు వెనక నుంచి తిప్పాను, బ్యాంకుల వీధి అటు చివర దాకా తీసుకెళ్లాను, వచ్చిన దారినే మరోసారి చూపించాను. డైరెక్టరు పెద్దవయసు మనిషి, అలిసిపోయి ఇక చాలంటాడని నా ఆశ. ఆయన అలిసిపోలేదు సరికదా, హుషారెక్కాడు. కోర్టు మెట్ల దగ్గర తన పాత వకీలు ఎదురయ్యాడు. ఏడాదిగా నానుతున్న ఒక వ్యాజ్యం గురించి ఇద్దరూ నిలబడే మాట్లాడేసుకున్నారు. బ్యాంకు ముందు నష్టాలు అంచనా వేసే సర్వేయరు ఒకడు తగిలాడు. మూడో మలుపులో ఒక పాత ఖాతాదారు ఈయన్ని గుర్తుపట్టి చేయి పట్టుకుని వదల్లేదు. "మా అద్దాల మేడలో అయిదేళ్లుగా అద్దంలో నా మొహం తప్ప ఇంకో మొహం ఎదురుపడలేదయ్యా" అన్నాడు డైరెక్టరు నాతో. నేనింకా తిప్పేవాణ్నే. మేనేజరు నా భుజం గట్టిగా నొక్కాడు.

సందులోకి తిరిగాం. గుండుసూది తలెత్తి భవంతి కోసం వెతికాడు. కిందా మీదా రెండే రెండు పోర్షన్లు. కింది పోర్షను తలుపు దానంతటదే కిర్రుమని తెరుచుకుంది. తాడు కదిలింది, కప్పీ తిరిగింది. లోపల కుర్చీలో బావగారు.

"రండి, ఎవరి పార్సిలు?" అన్నాడు.

డైరెక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల గోడపొడవునా అరలు. అరల్లో అట్టపెట్టెలు, చుట్టలు, కవర్లు. ఒక్కోదాని మీద మా ఆఫీసు మనిషి పేరు.

"ఈ ఇంట్లో మా ఉద్యోగులు ముప్ఫై ఏడుగురు ఉంటున్నారని విన్నాను" అన్నాడాయన.

బావగారు వెనక్కి తిరిగి గది అంతా ఒకసారి చూశాడు. "ఉంటే ఒక్కరైనా నాకు టీ పెట్టేవారు కదండీ."

అప్పుడు లోపలి గదిలోంచి అక్కయ్య వచ్చింది. చేతిలో తడి తువ్వాలు, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఉంది. మా నలుగురినీ చూసింది. తువ్వాలు కుర్చీ వెనక ఆరేసింది. కుచ్చిళ్లు దించుకుంది.

"ఇక్కడ మేమిద్దరమే ఉంటామండి. మిగతావి పార్సిళ్లు. పొద్దున్నే చెబుదామని వచ్చాను, తలుపు తీయలేదు. ఆ రిపోర్టు తప్పు. ఆఫీసు ఇక్కడే ఉంటే అందరికంటే నాకు లాభం. అందుకే అందరికంటే ముందు నేనే చెప్పాలి."

ఆ తరవాత నా వంతు. ఫారంలో గడి సంగతి, రంగు డబ్బా సంగతి, సూదులు గుచ్చుతుంటే నోరు మూసుకున్న సంగతి వరసగా కక్కేశాను. మేనేజరు నన్ను చూసిన చూపుకు బీమా లేదు. గుండుసూది చెవులు ఎర్రబడ్డాయి. గడి పైన ఏం రాసి ఉందో తాను చదవలేదని, అంకెలు మాత్రమే చూశానని ఒప్పుకున్నాడు. రిపోర్టు చింపేస్తానన్నాడు. ఇక మిగిలింది తూర్పే. అక్కయ్య బావగారి వైపు చూడకుండా అరల్లో ఒక పెట్టెను సర్దింది. సర్దాల్సిన అవసరం లేకపోయినా సర్దింది.

బావగారు కుర్చీ చక్రం తిప్పుకుంటూ ముందుకొచ్చాడు. ఒళ్లో ఒక పొడుగాటి పుస్తకం. లిఫ్టు మెకానిక్కులు ప్రతి లిఫ్టుకూ ఒక లాగ్ పుస్తకం రాస్తారు. ఏ రోజు, ఏ వేళకు, ఏ అంతస్తులో ఏం జరిగిందో అందులో ఎక్కిస్తారు. ఆ అలవాటు ఆయన్ని వదల్లేదు. పార్సిలు ఎప్పుడొచ్చింది, ఎవరు తీసుకున్నారు, ఎన్ని గంటలకు తీసుకున్నారు, తీసుకుని ఎటు వెళ్లారు అన్నీ రెండేళ్లుగా రాసుకున్నాడు.

"ఎటు వెళ్లారని ఎందుకు రాశావు?" అన్నాడు డైరెక్టరు.

"లిఫ్టు పైకెళ్లిందా కిందికెళ్లిందా రాయకపోతే అది లాగ్ ఎలా అవుతుందండీ? ఇదిగో చూడండి. సాయంత్రం అయిదూ నలభై నుంచి ఆరూ పది లోపల అందరూ వచ్చేస్తారు. కూడలికి పోవాలంటే ఈ సందులోంచే పోవాలి. అక్కణ్నించి తూర్పు బస్సు, పడమటి బస్సు, రైలు గేటు బస్సు. ఎవరికీ నా కోసం ఒక్క అడుగు ఎక్కువ పడలేదు. పడుంటే రెండో నెలలోనే మానేసేవాళ్లు." ఆయన కిటికీ వైపు చేయి చూపించాడు. "ఇక్కడ ఎవరూ ఉండరండి. కానీ అందరూ ఇటే పోతారు."

గుండుసూది ఆ పుస్తకం అందుకుని అక్కడే, పార్సిళ్ల మధ్య, నేలమీద చతికిలబడ్డాడు. పేజీలు తిప్పుతూ, నోట్లో ఏవో లెక్కలు నములుతూ లోకాన్ని మర్చిపోయాడు. డైరెక్టరు మంచినీళ్లు అడిగి తాగాడు. నిర్ణయమేమీ చెప్పలేదు. వారంలో అందరి అసలు ఇళ్లూ కనుక్కుని సూదులు మళ్లీ గుచ్చమని మాత్రం గుండుసూదికి చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, తమ అద్దాల మేడలో లిఫ్టు ఎందుకు అంతసేపు రాదని బావగారిని అడిగాడు. జవాబు పది నిమిషాలు సాగింది. అక్కయ్య గడియారం చూసుకుంది. అందరినీ మర్యాదగా గుమ్మం దాటించి తలుపేసింది. బావగారికి అన్నం పెట్టే వేళ దాటిపోతోంది.

ఆ వారం నాకు నిద్ర లేదు. గుండుసూది ఈసారి ఒక్కొక్కరి దగ్గరికి నడిచి వెళ్లి, రాత్రి తల ఎక్కడ ఆనిస్తారు అని అడిగి మరీ రాసుకున్నాడు. పటం మీద పూలగుత్తి విడిపోయింది. అరవై రెండు సూదులు ఊరంతా చెల్లాచెదురైనాయి. అక్కయ్య ఇంటి దగ్గర ఒక్కటే మిగిలింది.

పదో రోజు మేనేజరు మళ్లీ మెట్లమీదికొచ్చాడు. అందరం మెట్ల పొడవునా గుమిగూడాం. సగం మందికి అసలు గొడవేమిటో తెలియదు. కొందరు ఆ ఇంటి స్థలంలో నిజంగానే భవంతి కడుతున్నారనుకున్నారు. ఇంకొందరు పార్సిళ్ల మీద విచారణ జరుగుతోందనుకుని తమ పెట్టెలు రహస్యంగా తెచ్చేసుకున్నారు. అందుకని మేనేజరు మొదటి నుంచీ చెప్పాడు. ఫారంలో అడిగింది ఉత్తరాలు అందే చోటు, సలహాదారు అనుకున్నది మనుషులు ఉండే చోటు. దాంతో ముప్ఫై ఏడుగురు రెండు గదుల్లో కాపురం పెట్టారు. ఇక నుంచి ఫారంలో రెండు గడులు ఉంటాయి, మొదటిది ఉత్తరాలు అందే చోటుకు, రెండోది మనిషి ఉండే చోటుకు. రెండోసారి లెక్కలో తేలిందేమిటంటే, తూర్పున ఉండేవాళ్లు పద్నాలుగుమంది, మిగతా నలభై ఎనిమిదిమంది మూడు దిక్కులా ఉన్నారు. తూర్పుకు పోతే పద్నాలుగుమందికి సుఖం, నలభై ఎనిమిదిమందికి రెండేసి గంటలు బస్సు. అందరికీ తక్కువ కష్టమయ్యే చోటు బస్సుల కూడలి. అందుచేత ఆఫీసు ఇక్కడే ఉంటుంది, సగం జాగాలో. మనుషులకు అటూ ఇటూ పోయే పని ఉంది, పాత ఫైళ్లకు లేదు. అవి తూర్పున గోడౌనుకు పోతాయి. వాటితో పాటు అక్కడ ఉండటానికి ఇష్టమైనవాళ్లు నలుగురు వెళ్లవచ్చు. నా పేరు చదివినప్పుడు మేనేజరు గొంతు కాస్త గట్టిపడింది. చూసి కూడా చెప్పనందుకు ఏడాదిపాటు ఆ రెండు గడుల ఫారాలన్నీ నేనే సరిచూడాలట. సంతోషంగా ఒప్పుకున్నాను.

రేడియో బాబాయి చెవికి చేయి అడ్డం పెట్టుకుని వింటున్నాడు.

"ఫైళ్లను తగలేస్తున్నారా?"

"తరలిస్తున్నారు బాబాయ్. మీ ఇంటి పక్కకు. మీరు నడిచి వెళ్లొచ్చు" అంది అక్కయ్య, ఆయన చెవి దగ్గరికి వంగి, ఒక్కో మాటా విడివిడిగా.

బాబాయి ఈసారి సరిగ్గానే విన్నాడు. వెళ్లే నలుగురిలో తన పేరు మొదట రాయమన్నాడు. రెండు బస్సుల సంగతి మమ్మల్ని ఎన్నడూ అడగనివ్వని మనిషి, ఆ పూట జేబులోంచి రెండు టిక్కెట్లు తీసి అందరికీ చూపించాడు.

లోపల గోడగడియారం ఒంటిగంట కొట్టింది. మేనేజరు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. మెట్లమీద జనం అటూ ఇటూ జరిగి మధ్యలో దారి వదిలారు. అక్కయ్య దిగి వెళ్లింది.

"అక్కయ్యా, నాకో పార్సిలు రావాలి, బావగారికి చెప్పు" అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

"మొదటి గడికా, రెండో గడికా?" అని ఆవిడ తిరిగి చూడకుండానే అడిగింది.